అంబేడ్కర్ విద్యానిధి: ఐ-94లో పేరు తేడా ఉంటే మొదటి విడత ఆగుతుందా?

తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి (విదేశాల్లో చదివే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ప్రభుత్వమిచ్చే సాయం) సంగతి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. 20 లక్షలు రెండు విడతలు: అమెరికాలో దిగాక ఐ-94 (ఆ దేశంలోకి వచ్చినట్టు అక్కడి ప్రభుత్వమిచ్చే రికార్డు) పెడితే మొదటిది, మొదటి సెమిస్టర్ మార్కులు చూపిస్తే రెండోది. అంతవరకు స్పష్టమే. చిక్కల్లా పేరుతోనే. పదో తరగతి మెమోలో, కుల ధ్రువపత్రంలో, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు పొడి అక్షరమే, 'కె. రమేశ్' అన్నట్టు. పాస్‌పోర్టులో మాత్రం పూర్తిగా ఉంది, ఐ-94 దాన్నే ఎత్తుకుంటుంది. (మనవాళ్లకి ఈ పొడి అక్షరాల గోల ఎప్పటికి తీరుతుందో!) దీనికి నోటరీ అఫిడవిట్ చాలా, లేక రెండు పేర్లూ ఒకరివేనని తహసీల్దారు పత్రం కూడా అడుగుతున్నారా? ఖాతాలో పేరు బయల్దేరేముందే మార్పించాలా, అక్కణ్ణుంచి కుదురుతుందా? రెండో విడతకి వర్సిటీ పోర్టల్‌లో డౌన్‌లోడ్ చేసిన మార్కుల కాపీ ఒప్పుకుంటున్నారా, సీల్డ్ ట్రాన్‌స్క్రిప్టే కావాలంటున్నారా?