ఆరేళ్ల రూబీని ఆ గుంపులోకి పంపడం సబబేనా?

పలకబలపం:
1960 నవంబరు 14న అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో నల్లపిల్ల రూబీ బ్రిడ్జెస్‌ను నలుగురు ఫెడరల్ మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ రక్షణాధికారులు) అప్పటిదాకా తెల్లపిల్లలకే పరిమితమైన విలియం ఫ్రాంజ్ బడికి తీసుకెళ్లారు. బయట గుంపు తిట్లు, కేకలు. తెల్లవాళ్లు తమ పిల్లల్ని ఇళ్లకు తీసుకుపోతుంటే ఆమె రోజంతా ప్రిన్సిపాల్ ఆఫీసులోనే కూర్చుంది. ధైర్యమే, కాదనను. కానీ పెద్దల పోరులో పసిదాన్ని ముందు నిలబెట్టారు. హైస్కూలు పిల్లలతో మొదలుపెట్టాల్సింది.

తీర్పుప్రతి:
తరగతిని ఎంచుకున్నది ఆ ఇంటివాళ్లు కాదండీ. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున నల్ల, తెల్లపిల్లల్ని కలపమని ఫెడరల్ జడ్జి స్కెల్లీ రైట్ ఉత్తర్వు. అసలు తిరకాసు వడపోతలో ఉంది. దరఖాస్తు పెట్టిన నల్లపిల్లలు నూటికి పైనే. పరీక్షలు పెట్టి ఏరగా ఏరగా తెల్లబళ్లకు చేరింది నలుగురు: ముగ్గురు మెక్‌డొనో 19 అనే బడికి, రూబీ ఒక్కతే ఫ్రాంజ్‌కి. యాభైమంది కలిసి నడిస్తే గుంపు కళ్లన్నీ ఒక్క పిల్ల మీద పడేవి కావు.

తాటాకుబడి:
హైస్కూలు పిల్లలూ చేశారు. వర్జీనియాలోని ఫార్మ్‌విల్‌లో, 1951 ఏప్రిల్ 23న, పదహారేళ్ల బార్బరా జాన్స్ నల్లపిల్లల మోటన్ హైస్కూల్లో సమ్మె చేయించింది. తారుకాగితం కప్పిన షెడ్లలో చదువులు వాళ్లవి. ఊళ్లో మన పిల్లలు చిక్కుల్లో పడ్డారని ఫోన్ చేయించి ముందు ప్రిన్సిపాల్‌ను బయటికి పంపారు, తర్వాత అందర్నీ హాల్లోకి పిలిచారు. అడిగింది మంచి భవనం. వేరు బళ్ల పద్ధతినే సవాలు చేస్తే కేసు వేస్తామన్నారు నల్లవారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ లాయర్లు. వేరు బళ్లు చెల్లవన్న 1954 సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పులో కలిసిన ఐదు కేసుల్లో అదొకటి. నల్ల, తెల్లపిల్లల్ని కలపాల్సి వస్తుందని అక్కడి కౌంటీ (జిల్లా పాలన) 1959లో ప్రభుత్వ బళ్లన్నీ మూసేసింది, 1964 దాకా! వయసు పెరిగితే వెల తగ్గుతుందనుకోవద్దు.

పలకబలపం:
వడపోత మాట ఒప్పుకుంటాను. మరి బడి లోపలి సంగతి? ఏడాదంతా బార్బరా హెన్రీ టీచర్ ఖాళీ గదిలో ఒక్క రూబీకే పాఠాలు చెప్పింది. విషం పెడతామన్న బెదిరింపుతో ఇంటి తిండే తినాల్సి వచ్చింది. తండ్రి పని పోయింది. ఇదంతా ముందే ఊహించాల్సింది కాదా?

తీర్పుప్రతి:
ఊహించే తండ్రి మొదట వద్దన్నాడు, తల్లి పట్టుబట్టింది. నేను తప్పుపట్టేది వాళ్లను కాదు. మార్షల్స్ ఆ పిల్లను కాపాడారు గానీ గుమ్మం ముందు గుంపు మాత్రం రోజూ అక్కడే ఉంది. దాన్ని చెదరగొట్టాల్సిన వాళ్లెవరో అది అడగండి. మరుసటి ఏడాది రెండో తరగతిలో ఆమె పక్కన తెల్లపిల్లలు కూర్చున్నారు, వెంట మార్షల్స్ లేరు.