పాత బ్రిటిష్ రెజిమెంట్ కవాతుకి మనం చప్పట్లు కొట్టొచ్చా?

లక్ష్మి_బెరీ

నేను మాంచెస్టర్‌కి ఉత్తరాన ఉన్న బెరీ ఊళ్లో ఒక కేర్ హోమ్‌లో పని చేస్తాను. మా దగ్గర తొంభై దాటిన తాతగారు ఒకాయన ఉన్నారు. కుర్రతనంలో నేషనల్ సర్వీస్ (అప్పట్లో తప్పనిసరి సైనిక సేవ) కింద లాంకషైర్ ఫ్యూసిలియర్స్ అనే పటాలంలో చేశారు. ఆ రెజిమెంట్ ఇప్పుడు లేదు. 1968 ఏప్రిల్ 23న మరో మూడు ఫ్యూసిలియర్ రెజిమెంట్లతో కలిపేసి రాయల్ రెజిమెంట్ ఆఫ్ ఫ్యూసిలియర్స్ అన్నారు. అయినా ఏటా ఏప్రిల్ 25కి దగ్గరగా వచ్చే ఆదివారం ఈ ఊళ్లో గాలిపోలి సండే జరుగుతుంది. పాతవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. చర్చిలో ప్రార్థన, వీధుల్లో కవాతు, తర్వాత అందరూ కలిసి భోజనం.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 25 తెల్లవారుజామున వీళ్ల మొదటి బెటాలియన్ టర్కీలో గాలిపోలి ఒడ్డున పడవల్లోంచి దిగింది. నీళ్లలో ముళ్లకంచెలు, పైన గట్టు మీద తుపాకులు. దాదాపు వెయ్యి మంది దిగితే సగం మందో ఇంకా ఎక్కువో చనిపోవడమో గాయపడటమో జరిగింది. ఆ ఒక్క పొద్దుటికి ఆరు విక్టోరియా క్రాస్‌లు వచ్చాయి. బ్రిటన్‌లో శౌర్యానికి ఇచ్చే అన్నిటికంటే పెద్ద పతకం అది. ‘ఫలహారానికి ముందే ఆరు’ అని ఇప్పటికీ ఈ ఊళ్లో చెప్పుకుంటారు.

ఈ ఏడు తాతగారిని వీల్‌చైర్‌లో నేనే తీసుకెళ్లాను. పొద్దున్నే బ్లేజర్ తొడిగాను. బెరే టోపీకి ఈకల కుచ్చు పెట్టాలి, దాన్ని హాకిల్ అంటారు. ఇప్పటి ఫ్యూసిలియర్స్‌ది ఎరుపు, తెలుపు. ఆయనది పాత లాంకషైర్ వాళ్ల లేత పసుపు రంగు. నేను పెట్టబోతే నా చెయ్యి పక్కకి జరిపారు. వేళ్లు వణుకుతున్నాయి. మూడుసార్లు ఒళ్లో జారిపడింది, మూడుసార్లూ తనే తీసుకున్నారు. బస్సు టైమ్ అవుతోందని నాకు టెన్షన్. నాలుగోసారి కుదిరింది. ‘ఇది మాది’ అన్నారు, అంతే.

కవాతు మా ముందుకి వచ్చినప్పుడు ఆయన వీపు కుర్చీకి ఆనించకుండా నిటారుగా కూచున్నారు. మామూలుగా అలా రెండు నిమిషాలు కూడా కూచోలేరు. నాకు కళ్లు చెమర్చాయి. చప్పట్లు కొట్టాను.

ఇంటికొచ్చాక మా అమ్మాయి అడిగింది: ‘అమ్మా, 1858లో లక్నోలో మనవాళ్ల మీదకి వెళ్లినవాళ్లలో వీళ్లు కూడా ఉన్నారు కదా?’ చూస్తే నిజమే. అప్పట్లో ఈ రెజిమెంట్ పేరు 20వ ఫుట్, అంటే 20వ కాల్బలం. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. నా మటుకు నాకు, ఆయన గర్వం రాణి గురించో సామ్రాజ్యం గురించో కాదనిపిస్తోంది. పక్కన నిలబడ్డవాళ్ల గురించి. కానీ ఆ మాట మా అమ్మాయికి సరిపోలేదు. మీరేమంటారు?

అరుణ_లెస్టర్

లక్ష్మి గారూ, తాతగారిని మీరు చూసుకునే తీరు చదివి మనసు నిండింది. కానీ నేను మీ అమ్మాయి పక్షం.

లక్నో దాకా వెళ్లక్కర్లేదు. 1952 అక్టోబర్‌లో కెన్యాలో బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటుని అణచడానికి ఎమర్జెన్సీ ప్రకటించినప్పుడు ఈజిప్టు నుంచి విమానాల్లో నైరోబీకి దింపిన బెటాలియన్ ఇదే. ఆ ఎమర్జెన్సీలో క్యాంపుల్లో కికుయు ప్రజలని పెట్టిన హింసలకి 2013లో బ్రిటిష్ ప్రభుత్వం విచారం చెప్పి, 5,228 మందికి దాదాపు 2 కోట్ల పౌండ్ల పరిహారానికి ఒప్పుకుంది. ఆ హింస ఈ బెటాలియన్ చేసిందని నేననట్లేదు. ఆ పాలనని నిలబెట్టడానికి వెళ్లిన సైన్యంలో ఇదీ ఒకటి అంటున్నాను.

నాకు బాధ కలిగించేది ఏ రోజుని ఎంచుకున్నారన్నది. గాలిపోలి రోజు ఉంది. ఎందుకంటే అక్కడ చచ్చింది తమవాళ్లు. నైరోబీ రోజు లేదు, లక్నో రోజు లేదు. ఒక ఊరు ఊరంతా వీధిలో నిలబడి తన దుఃఖాన్ని మాత్రమే గుర్తు చేసుకుంటే, అవతలివాళ్ల దుఃఖం ఎవరు గుర్తు చేసుకోవాలి? ఆ వీధిలో మనం చప్పట్లు కొడితే దానికి మనం సాక్షి సంతకం పెట్టినట్టే.

హవల్దార్_రిటైర్డ్

అమ్మా లక్ష్మీ, మాది పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం. మా ఊళ్లో ఇంటికొక సిపాయి అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మా ముత్తాతల కాలం నుంచి వెళ్లినవాళ్లున్నారు. నేను మద్రాస్ రెజిమెంట్‌లో చేసి వచ్చాను.

ఒక చిన్న సంగతి చెప్తాను. మా పల్టన్ వాళ్లం కలిసినప్పుడు బడా ఖానా ఉంటుంది. ఆఫీసరూ జవానూ ఒకే వరసలో కూచుని తింటారు. అక్కడ ఎవరూ దేశభక్తి గురించి ఉపన్యాసాలు ఇవ్వరు. ‘ఫలానావాడి మోకాలు ఎలా ఉంది’, ‘వాడి కూతురి పెళ్లయిందా’, ‘వాడి భార్యకి ఫ్యామిలీ పెన్షన్ మొదలైందా’. సగం సేపు కాగితాల మాటే. ఒకసారి మా తోటివాడు ఒకడు రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ తెలీదు. నలుగురం బస్సెక్కి వాడి ఊరెళ్లాం. మంచం మీద ఉన్నాడు, ఎవరికీ చెప్పలేదు. రీయూనియన్ లేకపోతే ఆ విషయం మాకు తెలిసేదే కాదు. మా దగ్గర ‘నామ్, నమక్, నిషాన్’ అంటారు. పేరు, తిన్న ఉప్పు, జెండా. ఆ తాతగారి పసుపు కుచ్చు ఆయన నిషాన్. దాన్ని వేరేవాళ్ల చేత పెట్టించుకోరు.

ఇక అరుణమ్మా, నువ్వడిగినది మా ముందుకీ వస్తుంది. మా రెజిమెంట్ గుర్తులో ఏనుగుంది చూడు, అది 1803లో అస్సాయేలో ఇంగ్లీషు జనరల్ వెల్లెస్లీ కింద మరాఠాల మీద పోరాడిన మద్రాసు పల్టన్లకి దక్కినది. అంటే మనవాళ్ల మీద మనవాళ్లు. స్వాతంత్ర్యం వచ్చాక మన సైన్యం ఏం చేసిందంటే, మన రాజుల మీద గెలిచిన యుద్ధాల పేర్లతో పండగలు చేసుకోవద్దంది. పల్టన్లని మాత్రం రద్దు చెయ్యలేదు. ఏనుగునీ తీసెయ్యలేదు. నాకు అది సరైన పనే అనిపిస్తుంది. ఆ గుర్తు కింద తర్వాత మన దేశం కోసం చచ్చినవాళ్లు ఉన్నారు, వాళ్ల నెత్తి మీంచి ఆ ఏనుగుని ఎలా పీకుతాం?

చందుర్తి_అబ్బాయి

బాబాయ్ గారి మాట చదివాక నేనూ రాయాలనిపించింది. నా ఐడీ చూసే ఉంటారు, మాది గొల్లప్రోలు దగ్గర చందుర్తి. 1758 డిసెంబర్‌లో మా ఊరి దగ్గర ఇంగ్లీషు వాళ్లకీ ఫ్రెంచి వాళ్లకీ యుద్ధం జరిగింది. ఇటు కల్నల్ ఫోర్డ్, ఆయనతో విజయనగరం ఆనంద గజపతి. అటు కాన్‌ఫ్లాన్స్. ఫ్రెంచి వాళ్లు ఓడారు. తర్వాతి ఏప్రిల్‌లో బందరు కోట కూడా పోయింది. మన కోస్తా ఇంగ్లీషు వాళ్ల చేతిలోకి వెళ్లే దారి అక్కడ మొదలైంది.

ఆ యుద్ధం వాళ్ల పుస్తకాల్లో ‘కండోర్’. ఫోర్డ్ బెంగాల్ నుంచి తెచ్చిన కంపెనీ తెల్ల సిపాయిల పటాలమే తర్వాత్తర్వాత ఐర్లాండ్‌లోని రాయల్ మన్‌స్టర్ ఫ్యూసిలియర్స్ అయింది. వాళ్ల యుద్ధ గౌరవాల్లో, అంటే పటాలం గర్వంగా చెప్పుకునే యుద్ధాల జాబితాలో, కండోర్, మసూలిపటం రెండూ ఉన్నాయి. మొదటిసారి ఆ జాబితా చూసినప్పుడు చాలాసేపు అలాగే చూస్తూ కూచున్నాను. మా పొలాల పేరు, మా అమ్మమ్మగారి బందరు పేరు, ఎక్కడో ఐర్లాండ్ వాళ్ల గౌరవాల్లో. మా ఊళ్లో ఎవరికీ దీని గురించి పెద్దగా తెలీదు. రెండు పక్షాలా పోరాడి చచ్చినవాళ్లలో మన దేశపు సిపాయిలు చాలామంది, ఒక్కరి పేరూ మిగల్లేదు.

నాకు ఆ జాబితా చెరపాలని లేదు. అది కూడా పోతే చందుర్తి పేరు ఇంకెక్కడ ఉంటుంది? కానీ కండోర్ అని చదివేవాళ్లకి అది ఒక ఊరనీ, అక్కడ మనుషులున్నారనీ తెలియాలి. నేను కోరేది అంతే.

శేఖర్_ఓల్డ్‌హామ్

నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను. ‘మా కౌంటీ, మా రెజిమెంట్’ అని వీళ్లు అనేది అంత పాతదేం కాదు. 1688లో పుట్టిన ఈ పటాలానికి లాంకషైర్ పేరుకి ముందు ఈస్ట్ డెవన్‌షైర్ పేరుండేది. 1881లో సైన్యాన్ని సంస్కరించినప్పుడు ప్రభుత్వం కాగితం మీద లాంకషైర్ అని పేరు పెట్టింది. మళ్లీ 1968లో అదే ప్రభుత్వం ఆ పేరు తీసేసింది. 2006లో స్కాట్లాండ్‌లో బ్లాక్ వాచ్ అనే రెజిమెంట్‌ని వేరేవాటితో కలిపేసినప్పుడు కూడా జనం ఎంత మొత్తుకున్నా ఆగలేదు. రెజిమెంట్ మీద ప్రేమ పెంచేదీ వాళ్లే, పనైపోయాక మడిచి పక్కన పెట్టేదీ వాళ్లే.

గాలిపోలిలో విక్టోరియా క్రాస్ వచ్చిన ఆ ఆరుగురిలో కెప్టెన్ రిచర్డ్ విల్లిస్ ఒకడు. 1957లో, ముసలితనంలో, వంద పౌండ్లు అవసరం, ఎవరైనా సాయం చెయ్యండి అని పేపర్లో ప్రకటన ఇచ్చుకున్నాడు. దేశంలోకెల్లా పెద్ద పతకం ఉన్నవాడు. నాకు ఈ కవాతుల మీద కోపం ఉంటే అది ఇందుకే. ఆ గర్వం పేదింటి కుర్రాళ్లని చవగ్గా యుద్ధానికి పంపడానికి పనికొచ్చింది, వాళ్లు తిరిగొచ్చాక అన్నం పెట్టడానికి పనికిరాలేదు.

తాతగారి పసుపు కుచ్చు గురించి ఒక మాట. అది దక్షిణాఫ్రికా యుద్ధంలో ఆ రెజిమెంట్ చేసినదానికి ఇచ్చిన గుర్తు. 1900 జనవరిలో స్పియన్ కాప్ అనే కొండ మీద వీళ్లు చాలామంది పడిపోయారు. లివర్‌పూల్ ఫుట్‌బాల్ స్టేడియంలో ఒక గ్యాలరీని కాప్ అంటారే, ఆ పేరు ఆ కొండదే. అక్కడ గాయపడ్డవాళ్లని డోలీల్లో మోసినవాళ్లలో గాంధీ గారు కూడగట్టిన భారతీయుల అంబులెన్స్ దళం ఉంది. దాదాపు 1,100 మంది, ఎక్కువమంది చెరకు తోటల కూలీలు. దక్షిణాఫ్రికాలోని నేటాల్ కూలీల్లో మన కోస్తా జిల్లాల నుంచి ఓడెక్కినవాళ్లు తక్కువేం కాదు. వాళ్లకి కుచ్చులూ లేవు, రీయూనియన్లూ లేవు.

హవల్దార్_రిటైర్డ్

శేఖర్ బాబూ, విల్లిస్ సంగతి నాకు తెలీదు, చదివి చాలా బాధేసింది. కానీ నువ్వు చెప్పింది నా మాటకే బలం. సర్కారు మర్చిపోతుంది. అందుకే తోటివాళ్లు కలవాలి. పేరు పెట్టింది ఎవరైనా కానీ, ఆ పేరు కింద చలిలో రాత్రంతా కాపలా కాసినవాడికి అది నిజం. పెళ్లి సంబంధం కూడా పెద్దలే కుదురుస్తారు. అంతమాత్రాన కాపురం అబద్ధం అవుతుందా?

రవి_కార్క్

చందుర్తి తమ్ముడూ, నువ్వు చెప్పిన మన్‌స్టర్ ఫ్యూసిలియర్స్‌లోకి కుర్రాళ్లు వెళ్లిన ఊళ్లలో ఒకటైన ఐర్లాండ్‌లోని కార్క్‌లోనే నేనుంటున్నాను. గర్వపడొద్దు అంటే ఏమవుతుందో ఇక్కడ కనిపిస్తుంది.

లక్ష్మి గారు చెప్పిన అదే 1915 ఏప్రిల్ 25 పొద్దున, కొంచెం అవతలి ఒడ్డున, రివర్ క్లైడ్ అనే ఓడలోంచి మన్‌స్టర్ వాళ్లూ డబ్లిన్ వాళ్లూ దిగారు. అక్కడా అదే ఊచకోత. అయిదు రోజుల్లో రెండు బెటాలియన్లలో మిగిలినవాళ్లు ఎంత తక్కువంటే, ఇద్దరినీ కలిపి ఒకే దళం చేశారు. యుద్ధం అయ్యి ఇంటికొచ్చేసరికి దేశం మారిపోయింది. ఐర్లాండ్ స్వాతంత్ర్యం కోసం బ్రిటిష్ సైన్యంతోనే పోరాడుతోంది. 1922లో ఈ రెజిమెంట్లని రద్దు చేశారు. జెండాలు విండ్సర్ కోటలో రాజుకి అప్పగించారు. ఈ మనుషులు శత్రువు యూనిఫామ్ వేసుకున్నవాళ్లుగా మిగిలారు. 1925లో సౌత్ మాల్‌లో ఒక స్మారకం కట్టుకున్నారు, అదిప్పటికీ ఉంది. కానీ ఇళ్లల్లో చాలావరకు మాట్లాడుకోలేదు. నాతో పని చేసే ఒకావిడ వాళ్ల ముత్తాత పతకాలు అటక మీద బిస్కెట్ డబ్బాలో దొరికాయని చెప్పింది. వాళ్లమ్మకి కూడా తెలీదట.

డబ్లిన్‌లో ఐలండ్‌బ్రిడ్జ్ యుద్ధ స్మారక ఉద్యానాన్ని 1930లలో మాజీ సైనికులే కట్టారు. పనివాళ్లలో సగం బ్రిటిష్ సైన్యంలో చేసినవాళ్లు, సగం ఐరిష్ సైన్యంలో చేసినవాళ్లు. గీసింది లట్యెన్స్, మన ఇండియా గేట్ గీసినాయనే. బెరీలో ఫ్యూసిలియర్స్ స్తంభం కూడా ఆయనదే. ఆ తోట దశాబ్దాలు పాడుబడి, మళ్లీ బాగుపడి, 2011లో ఇంగ్లండ్ రాణి వచ్చి పూలచక్రం ఉంచేదాకా చాలా కథ నడిచింది. ఒక ఊరి కుర్రాళ్ల పేర్లు అన్నేళ్లు నోట పలకకుండా ఉండటం కూడా క్రూరమే, అరుణ గారూ.

అరుణ_లెస్టర్

రవి గారూ, ఆ బిస్కెట్ డబ్బా మాట నన్ను ఆపేసింది. ఒప్పుకుంటాను. వాళ్లు కలవొద్దని నేను అనలేదు, ఇప్పుడైతే అస్సలు అనను. కానీ నా ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. తాతగారి టోపీ సరిచెయ్యడం వేరు, కవాతుకి చప్పట్లు కొట్టడం వేరు. మొదటిది నేనూ చేస్తాను. రెండోది నా చేతులు చెయ్యవు. నైరోబీలో పెరిగిన మా పక్కింటి పెద్దావిడ ముఖం చూస్తూ నేను ఆ పని చెయ్యలేను.

లక్ష్మి_బెరీ

అందరివీ రెండేసిసార్లు చదివాను. నిన్న టీ ఇస్తూ తాతగారిని అడిగాను, మీరు కెన్యా వెళ్లారా అని. చాలాసేపు కప్పు వైపే చూశారు. ‘పద్దెనిమిదేళ్లు నాకు’ అన్నారు. తర్వాత ఒక పేరు చెప్పారు, ఆయన పక్క మంచం కుర్రాడిది. ఆ తర్వాత ఇంకేం చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. కాసేపటికి కుచ్చు ఎక్కడ పెట్టావని అడిగారు. సొరుగులో అట్టపెట్టెలో ఉందని చూపించాను. టిష్యూ కాగితం చుట్టి పెట్టమన్నారు, చుట్టాను.

చప్పట్లు కొట్టినందుకు నాకు బాధ లేదు అరుణ గారూ, అది మనసులోంచి వచ్చింది. కానీ మా అమ్మాయితో ‘అదంతా పాత సంగతిలే’ అన్నాను ఆ రోజు. ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఈ శనివారం ఇద్దరం మాస్ స్ట్రీట్‌లోని ఫ్యూసిలియర్ మ్యూజియానికి వెళ్తున్నాం. లక్నో గురించీ కెన్యా గురించీ గోడ మీద ఏం రాశారో, ఏం రాయలేదో తను నోట్‌బుక్‌లో రాసుకుంటానంది. చూసొచ్చాక ఇక్కడ పెడతాను. హవల్దార్ బాబాయ్ గారూ, మీ మోకాలు ఎలా ఉందో చెప్పండి.