‘డీగ్రేడెడ్’కి తెలుగు మాట ఏది? నాలుగు డిస్కుల్లో ఒకటి పోయినప్పుడు

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఒక కాలేజీ లైబ్రరీలో పాత పత్రికల స్కాన్లు దాచే స్టోరేజీ పెట్టె ఉంది. నాలుగు డిస్కులు, రెయిడ్ 5 (ఒక డిస్క్ పాడైనా ఫైళ్లు పోకుండా డిస్కులన్నింటినీ కలిపి వాడే పద్ధతి). లైబ్రరీ సిబ్బంది కోసం దాని హెచ్చరికలన్నీ తెలుగులో రాస్తున్నాను. ఒక డిస్క్ పాడైతే తెర మీద ‘డీగ్రేడెడ్’ అని వస్తుంది. నిఘంటువు చూస్తే క్షీణించిన, దిగజారిన అని ఉన్నాయి. కలిపి వాడే డిస్కులను ‘శ్రేణి’ అంటూ ‘క్షీణించిన శ్రేణి’ అని రాశాను. కొత్త డిస్క్ పెట్టాక వచ్చే ‘రీబిల్డ్’కి ‘పునర్నిర్మాణం’ అన్నాను. సరిపోతాయంటారా?

జవాబు:

బాగానే ఉన్నాయండి. రెండూ పాఠ్యపుస్తకాల్లో కనబడే మాటలే కదా.

జవాబు:

నాకు మాత్రం ‘క్షీణించిన’ మింగుడుపడటం లేదు. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి. ఈ మాట చదివిన మనిషి ఆ పెట్టె ముందు నిలబడి తర్వాత ఏం చేస్తాడన్నది దీన్నిబట్టే ఉంటుంది.

క్షీణించడం అంటే మెల్లమెల్లగా తగ్గిపోవడం. చూపు క్షీణిస్తుంది, ఆరోగ్యం క్షీణిస్తుంది. ఇక్కడ జరిగింది అది కాదు. నిన్న నాలుగున్న చోట ఇవాళ మూడే పనిచేస్తున్నాయి. ఫైళ్లన్నీ ఎప్పటిలాగే తెరుచుకుంటాయి, కాకపోతే కాస్త నిదానంగా. లేనిదల్లా ఇంకో దెబ్బ కాచుకునే శక్తి. ‘క్షీణించింది’ అని చదివినవాళ్లు ‘పాతబడింది కాబోలు, వచ్చే నెల చూద్దాంలే’ అనుకుంటారు. ‘దిగజారిన’ అయితే మనుషుల నడవడికకు వాడే మాట, దాన్ని ఇక్కడికి లాక్కురావద్దు.

మరి జనం ఏమంటారు? సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఎక్కడికెళ్లినా ‘డిస్క్ పోయింది సార్’ అంటారు. చక్కటి వాడుక. కానీ మన ‘పోయింది’లో చెడిపోవడమూ ఉంది, దక్కకుండా పోవడమూ ఉంది. ‘సర్వర్లో డిస్క్ పోయింది’ అని ఫోన్లో చెబితే అవతలివాళ్లకు ‘డేటా పోయింది’ అనే వినబడుతుంది. టెన్షన్ మొదలవుతుంది. ఒక ఆఫీసులో ఇదే జరగడం చూశాను. ఒక్క డిస్క్ పాడైంది, మిగతా మూడింట్లో అంతా భద్రంగా ఉంది. ‘ఎలాగూ పోయింది కదా’ అని మొత్తం రెయిడ్‌ను కొత్తగా ‘క్రియేట్’ చేశారు. డిస్కుల వరుస మారింది, సింక్ మొదలై పాత సమాచారం మీద కొత్తది రాసేసింది. ఒక్క డిస్క్ మారిస్తే తీరిపోయే పని! ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది.

అందుకే ముందు లోపల ఏం జరుగుతోందో చూద్దాం. రెయిడ్ 5కి ఆధారం పరిటీ, అంటే మన సరి–బేసి. మూడు డిస్కుల్లో ఒకే వరుసలో 1, 0, 1 ఉన్నాయనుకోండి. ఒకట్లు రెండు, సరి సంఖ్య. కాబట్టి నాలుగో డిస్కులో 0 రాస్తారు. 1, 0, 0 ఉంటే ఒకటి బేసి, నాలుగో చోట 1 పెట్టి సరి చేస్తారు. ఇప్పుడు మొదటి ఉదాహరణలో మూడో డిస్క్ పాడైందనుకుందాం. కనబడేవి 1, 0, ఖాళీ, 0. మొత్తం సరి కావాలి కాబట్టి ఆ ఖాళీలో 1 ఉండి తీరాలి. మీరు ఫైలు తెరిచిన ప్రతిసారీ యంత్రం ఈ లెక్క వేసి, లేని డిస్కులో ఏముండేదో చెబుతుంది. ఈ సరిబేసి బిట్టు ఎప్పుడూ ఒకే డిస్కులో కూర్చోదు, వరుస మారినప్పుడల్లా డిస్క్ మారుతుంది. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పత్రంతో ‘రెయిడ్’ అన్న పేరు వచ్చింది. అప్పట్లో అందులోని ‘ఐ’ అక్షరం చవక అనే అర్థమిచ్చే ‘ఇనెక్స్‌పెన్సివ్’కి గుర్తు. తర్వాత పరిశ్రమ దాన్ని ‘ఇండిపెండెంట్’ చేసుకుంది.

ఇక తెర మీద ఏం కనబడుతుంది? లినక్స్‌లో రెయిడ్ స్థితి చూపించే ఎండీస్టాట్ అనే ఫైలు తెరిస్తే చదరపు బ్రాకెట్లలో నాలుగు గుర్తులుంటాయి: యు, యు, ఒక కింది గీత, మళ్లీ యు. యు అంటే పనిలో ఉన్న డిస్క్. ఆ కింది గీత ఖాళీ అయిన చోటు. వివరాలు అడిగితే స్థితి దగ్గర ‘క్లీన్, డీగ్రేడెడ్’ అని రెండు మాటలూ పక్కపక్కనే ఉంటాయి. ‘క్లీన్’ అంటే రాయాల్సినవన్నీ సక్రమంగా రాసేసింది, మధ్యలో ఏదీ ఆగిపోలేదు. ‘క్షీణించింది’ పెడితే పక్కన ఆ ‘క్లీన్’ ఎలా నిలబడుతుంది?

నేను ‘వెలితి’ అంటాను. కుండ పగల్లేదు, నీళ్లు చెడలేదు, నిండుగా మాత్రం లేదు. ఆ కింది గీత చూస్తే నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ‘శ్రేణి’ బదులు ‘జట్టు’ అంటే ఇంకా తేలిక: ‘డిస్కుల జట్టులో వెలితి’.

‘పునర్నిర్మాణం’ కూడా వద్దు. కూలిపోయినదాన్ని కట్టడం అది. ఇక్కడ ఏదీ కూలలేదు. ‘భర్తీ’ అనండి. ఖాళీ అయిన ఉద్యోగం భర్తీ చేస్తాం, ఖాళీ అయిన డిస్కూ అంతే. లినక్స్ ఈ పనినే ‘రికవరీ’ అని చూపించి శాతం, మిగిలిన నిమిషాలు చెబుతుంది. మన దగ్గర ‘డేటా రికవరీ’ బోర్డులు చూసినవాళ్లకు అది పోయిన ఫైళ్లు వెనక్కి తేవడంలా వినబడుతుంది. జెడ్‌ఎఫ్ఎస్ అనే ఇంకో స్టోరేజీ వ్యవస్థలో ఇదే పనిని ‘రీసిల్వర్’ అంటారు, పాత అద్దాలకు మళ్లీ పూత వేసే పనిలోంచి తీసుకున్న మాట. ‘రీసింక్’ మాత్రం వేరు. కరెంటు పోయి మధ్యలో ఆగినప్పుడు డిస్కుల మధ్య లెక్క సరిచూసే పని అది. దాన్ని ‘భర్తీ’ అనకూడదు.

జవాబు:

‘వెలితి’ ఇప్పుడు మనసుకే పరిమితమైపోయిందండి. ‘జీవితంలో ఏదో వెలితి’ అంటాం. హెచ్చరికలో అది పెడితే ప్రమాదం ఉన్నట్టే అనిపించదు. ‘లోటు’ మేలు కదా? లోటు బడ్జెట్ అందరికీ తెలుసు. అదీ కాదంటే ‘ఒక డిస్క్ తక్కువైంది’ అనండి, మా వరంగల్‌లో అయినా వాళ్ల విశాఖలో అయినా అర్థమవుతుంది.

జవాబు (‘వెలితి’ రాసినవారు):

ఒప్పుకుంటున్నాను, ‘ఒక డిస్క్ తక్కువైంది’ నా మాట కన్నా స్పష్టంగా ఉంది. స్థితి పేరుగా ‘వెలితి’ ఉంచి, వాక్యంలో మీ మాట పెడదాం. ప్రమాదాన్ని విడిగా చెప్పాలి, అది ఒక్క పదంతో అయ్యే పని కాదు.

ఎందుకంటే అసలు గండం భర్తీ జరిగేటప్పుడే ఉంది. నాలుగు టెరాబైట్ల డిస్కులైతే మిగిలిన మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి, అంటే 12 టెరాబైట్లు. మూడింటినీ ఒకేసారి చదువుతూ, ఒక్కో డిస్కుకు సెకనుకు 150 మెగాబైట్ల వేగం నిలకడగా వచ్చినా ఏడు గంటలు దాటుతుంది. ఈలోగా ఎవరైనా ఫైళ్లు వాడుతుంటే ఇంకా ఎక్కువ. మామూలు డిస్కుల స్పెక్ షీట్లలో 1 పక్కన 14 సున్నాలన్ని బిట్లు చదివితే చదవలేని చోటు ఒకటి రావచ్చని ఉంటుంది. లెక్క వేస్తే అది 12.5 టెరాబైట్లు. చాలా డిస్కులు దానికన్నా మెరుగ్గానే పనిచేస్తాయి, కానీ నాలుగూ ఒకే రోజు కొన్నవైతే నాలుగూ ఒకే వయసువి. అందుకే భర్తీకి ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకోవాలి. మిగిలిన మూడింటికీ స్మార్ట్ రిపోర్టు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే చెప్పే వివరాలు, చూడాలి. వాటిలో ఏదైనా ‘పెండింగ్ సెక్టార్లు’ (సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు) చూపిస్తుంటే భర్తీ ఆపి, ముందు దాన్ని పాడవుతున్న డిస్కుల నుంచి కాపీ తీసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో కొత్త డిస్కులోకి మక్కీకిమక్కీ దించుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:

చాలా సంతోషం. ఇలా రాస్తున్నాను: ‘జట్టులో వెలితి. ఎడమ నుంచి మూడో డిస్క్ పనిచేయడం లేదు. మీ ఫైళ్లన్నీ ఉన్నాయి. ఇంకో డిస్క్ పోతే ఫైళ్లు దక్కవు. ముందు కాపీ తీసుకోండి, తర్వాత డిస్క్ మార్చండి.’

జవాబు:

మాటలు బాగున్నాయి. రెండు చోట్ల మార్చాలి.

‘ఇంకో డిస్క్ పోతే ఫైళ్లు దక్కవు’ అన్నది రెయిడ్ 5కి నిజం. రెయిడ్ 6లో ఇంకొకటి పోయినా నిలబడుతుంది. డిస్కులను జంటలుగా పెట్టి రెండింట్లోనూ ఒకే సమాచారం రాసే రెయిడ్ 10లో అయితే పోయినదాని జోడీ పోతేనే ముప్పు. రేపు లైబ్రరీవాళ్లు పెట్టె మారిస్తే ఈ వాక్యం కూడా మారాలి.

రెండోది ఇంకా ముఖ్యం. ‘ఎడమ నుంచి మూడో’ అనేది ఆ కింది గీతను చూసి రాశారేమో. ఆ గుర్తుల వరుస జట్టులో డిస్క్ స్థానం చెబుతుంది, పెట్టెలో ఏ అరలో ఉందో చెప్పదు. ఒకసారి డిస్కులు అటూఇటూ మార్చి పెట్టి ఉంటే రెండూ కలవవు. ఆ వాక్యం నమ్మి బాగున్న డిస్క్ లాగితే మిగిలేవి రెండే, జట్టు అక్కడికక్కడే ఆగిపోతుంది. అక్కడ సీరియల్ నంబర్ రాయండి, లేబుల్ మీదున్న నంబర్‌తో సరిచూసి తీయమనండి. పాడైన డిస్క్ ఒక్కోసారి తన నంబర్ కూడా చెప్పలేదు. అలాంటప్పుడు పనిచేస్తున్న మూడింటి నంబర్లు రాసుకుని, పెట్టె ఆపి, ఆ మూడింట్లో లేని నంబర్ ఏ డిస్క్ మీద ఉందో దాన్నే తీయాలి.