పొట్టి గొట్టం రివాల్వర్ పుట్టిల్లు ఏది? హార్ట్‌ఫోర్డా, బర్మింగ్‌హామా?

సందేహి:
కోటు జేబులో ఇమిడిపోయే పొట్టి రివాల్వర్ 1927లో అమెరికాలో, హార్ట్‌ఫోర్డ్‌లోని కోల్ట్ కంపెనీ తెచ్చిన ‘డిటెక్టివ్ స్పెషల్’తో పుట్టిందని ఒక వ్యాసంలో చదివాను. రెండు అంగుళాల గొట్టం, .38 స్పెషల్ తూటాలు ఆరు. పాత నలుపు తెలుపు సినిమాల్లో డిటెక్టివులు కోటు లోపలి నుంచి తీసేది ఇలాంటిదే కనుక నమ్మబుద్ధి అయింది. కానీ అంతకు ముందు తుపాకీ దాచుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదా?

పాత ఇనుము:
ఆ వ్యాసం రాసినవారు యాభై అయిదేళ్ల చరిత్రను ఒక్క గుటకలో మింగేశారు. 1872లోనే ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ కంపెనీ ‘బ్రిటిష్ బుల్‌డాగ్’ను అమ్మకానికి పెట్టింది. గొట్టం రెండున్నర అంగుళాలు, తూటాలు అయిదు, అవీ .442, .450 వంటి లావు తూటాలు. చేసిందే కోటు జేబు కోసం. బెల్జియంలోని లియేజ్‌లోనూ అమెరికాలోనూ నకళ్లు కుప్పలుగా తయారయ్యాయి.

1881 జులై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను వెనుక నుంచి కాల్చిన చార్లెస్ గీటో చేతిలో ఉన్నది బుల్‌డాగే. అప్పు తెచ్చిన డబ్బుతో కొన్నాడు. దాన్ని జేబులో వేసుకుని స్టేషన్‌లోనే కాచుకుని ఉన్నా ఎవరూ అనుమానించలేదు. దాచగలిగే రివాల్వర్ 1927 దాకా లేదంటే గార్ఫీల్డ్‌ను చంపింది ఏమిటో ఆ వ్యాసకర్తే చెప్పాలి.

కృష్ణాతీరం:
పాత ఇనుము గారూ, మీరు మాత్రం 1872 దగ్గరే ఎందుకు ఆగారు? కోల్ట్ 1849 పాకెట్ మోడల్‌ను మరిచిపోయారా? .31 క్యాలిబర్ (గొట్టం రంధ్రం కొలత, అంగుళాల్లో), మూడు అంగుళాల గొట్టంతోనూ దొరికేది. కాలిఫోర్నియా బంగారు వేట రోజులవి, జనం ఎగబడి కొన్నారు. మొత్తం మూడు లక్షలకు పైగా తయారయ్యాయి. ఇంకా వెనక్కి వెళితే 1830ల చివర్లో అమెరికాలోని ప్యాటర్సన్ ఊళ్లో కోల్ట్ చేసిన .28 క్యాలిబర్ బుల్లి రివాల్వర్ కూడా జేబు కోసమే. ఇంగ్లండుకు పట్టం కట్టడానికి తొందరెందుకు?

పాత ఇనుము:
తొందర కాదండీ, ఇది గొట్టం కింది మీట సంగతి. పాత కోల్టుల్లో మందు పోసి, గుండు పెట్టి, ఆ మీటతో కుక్కాలి. మీటకు చోటు కావాలంటే గొట్టం పొడవుగా ఉండాలి. 1849లో మూడు అంగుళాల రకానికి ఆ మీటే లేదు. నింపాలంటే మేకు కొట్టి గొట్టం ఊడదీసి, సిలిండర్ (గుళ్లు ఉండే, తిరిగే భాగం) బయటికి తీయాలి. అయిదు గుళ్లు కాల్చాక పరుగెత్తడమే గతి.

మందూ గుండూ ఒకే తొడుగులో ఉండే లోహపు తూటా వచ్చాకే ఆ బంధం తెగింది. ఆ తూటాను వెనుక నుంచి వేసేలా సిలిండర్‌ను వెనుక దాకా తొలిచే పేటెంటు అమెరికాలో 1869 వరకు స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ గుప్పిట్లో ఉంది. వారు 1857 నుంచి చేసినది చిన్న .22. ఇంగ్లండులో ఆ అడ్డు లేదు. బుల్‌డాగ్‌లో కుడి పక్క తలుపు తెరిచి ఒక్కొక్క తూటా వేస్తారు. ఖాళీ తొడుగులను నెట్టే కడ్డీ సిలిండర్ ఇరుసులోనే దాగి ఉంటుంది, బయటికి లాగి పక్కకు తిప్పాలి. గొట్టం మీద ఆధారపడే భాగం ఒక్కటీ లేదు. లావు తూటా, పొట్టి గొట్టం, లోహపు తొడుగు మూడూ కలిసి జనం జేబుల్లోకి చేరింది ఇక్కడే.

చట్టం చదువరి:
ఇద్దరూ కంపెనీల మధ్యే తిరుగుతున్నారు. చట్టాలు కూడా చూడండి. సైన్యం, నౌకాదళం వాడే పెద్ద పిస్తోళ్లు తప్ప మిగతావి అమ్మకూడదని అమెరికాలోని టెనెసీ రాష్ట్రం 1879లో చట్టం చేసింది. ఆ పెద్దవాటినీ బాహాటంగా చేత పట్టుకునే తిరగాలి. ఖరీదైనవి మాత్రమే మిగిల్చి, చవక తుపాకులు కొనే నల్లవారిని, పేదలను ఆయుధాలకు దూరం చేయడమే అసలు ఉద్దేశమని చాలామంది చరిత్రకారుల వాదన. 1881లో ఆర్కన్సా అదే బాట పట్టింది. జేబు తుపాకీ వీధివీధినా లేకపోతే శాసనసభలకు ఆ పని ఎందుకు? డిటెక్టివులు పుట్టించిన వస్తువు కాదిది. మామూలు మనుషులు కొన్నదాన్నే పోలీసులు తరువాత అందుకున్నారు.

సందేహి:
అయితే 1927లో కోల్ట్ చేసిన ఘనకార్యం ఏమిటి?

కృష్ణాతీరం:
దానికి ముందు ఫిట్జ్ గురించి చెప్పాలి. జాన్ హెన్రీ ఫిట్జ్‌జెరాల్డ్ కోల్ట్ ఉద్యోగి, పేరున్న గురికాడు. 1920ల మధ్యలో పెద్ద రివాల్వర్ తీసుకుని గొట్టాన్ని రెండు అంగుళాలకు కోసేవాడు. జేబు లోపలి గుడ్డకు చిక్కుకోకుండా హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) మీది కొక్కెం అరగదీసేవాడు. పిడి మూల గుండ్రంగా చేసి, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ ముందు భాగాన్ని కత్తిరించేవాడు, వేలు నేరుగా పడేందుకు. (జేబులోనే పేలే ప్రమాదం ఉంది కదా అని నన్ను అడగకండి.) అందులోని గొట్టం కోత ఒక్కటే తీసుకుని కోల్ట్ తన పోలీస్ పాజిటివ్ స్పెషల్‌ను పొట్టి చేసింది. పోలీసు సరఫరా సంస్థలు నమ్మి కొనగల బలమైన .38 స్పెషల్ ఆరు తూటాలు అంత చిన్న పరిమాణంలో అప్పుడే దొరికాయి. ఈనాటికీ అందరూ అనుకరిస్తున్న రూపం అదే.

పాత ఇనుము:
ఫిట్జ్ చేతి పనితనం ఒప్పుకుంటాను, కొత్తదనం మాత్రం ఒప్పుకోను. జేబుకు చిక్కకుండా హ్యామర్‌ను లోపల దాచిన రివాల్వర్‌ను స్మిత్ అండ్ వెస్సన్ 1880ల చివర్లోనే అమ్మింది, రెండు అంగుళాల గొట్టంతో కూడా. పైగా డిటెక్టివ్ స్పెషల్‌లో గొట్టంతో పాటు దాని కింద ఉండే, తొడుగులను నెట్టే కడ్డీ కూడా కురచైంది. ఖాళీ తొడుగులు పూర్తిగా బయటికి రాక, చివరి ముక్కను వేలితో లాగవలసి వచ్చేది. గొట్టాన్ని నమ్ముకోని బుల్‌డాగ్‌కు ఆ బాధ లేదు. 1950లో స్మిత్ అండ్ వెస్సన్ ఇంకా చిన్న ‘చీఫ్స్ స్పెషల్’ చేయాలనుకున్నప్పుడు ఆరో తూటా వదిలేసి అయిదుకు దిగింది. అంటే వెబ్లీ లెక్కకే వచ్చిందన్నమాట.

కృష్ణాతీరం:
1849 కోల్ట్‌లో కూడా ఎక్కువ వాటికి అయిదే గదులండీ.