సిలిండర్‌లో గ్యాస్ సగమైతే పీడనం కూడా సగమవుతుందా?

అమ్మాయి నాన్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ పరీక్షలో వచ్చిన ప్రశ్న: "14.2 కిలోల ఎల్‌పీజీ సిలిండర్‌లో సగం ఖర్చయింది. ఉష్ణోగ్రత మారలేదు. పీడనం ఏమవుతుంది?" లోపల ఇంకా ద్రవం ఉంది కాబట్టి మారదని రాసింది. సగమవుతుందని రాయాలట. సున్నా వేశారు. తప్పెవరిది?

మోల్ మాస్టారు: పీవీ=ఎన్ఆర్‌టీ. వీ (లోపలి చోటు), టీ (ఉష్ణోగ్రత) మారలేదు, ఎన్ (గ్యాస్ ఎన్ని మోల్స్ ఉందో ఆ లెక్క) సగమైంది. పీ సగం. ఇందులో చర్చ ఏముందండీ? ఇరవై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను.

అమ్మాయి నాన్న: మాస్టారూ, అదే సూత్రంతో నిండు సిలిండర్ లెక్క వేయండి. ఎల్‌పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమం. అంతా బ్యూటేన్ అనుకుంటే మోల్‌కు 58 గ్రాములు, అంటే దాదాపు 245 మోల్స్. లోపలి చోటు 33.3 లీటర్లు. 300 కెల్విన్ దగ్గర 180 అట్మాస్ఫియర్లు వస్తుంది! నిజానికి ఆ వేడిలో బ్యూటేన్ బాష్పపీడనం, అంటే ద్రవం పైన చేరిన ఆవిరి పీడనం, రెండున్నరే. సిలిండర్ ఊపితే లోపల తొణుకుతుంది కదా, అది ద్రవం. పైనున్న ఆవిరి మనం వాడుకున్న కొద్దీ కింద ద్రవం మరిగి ఆ లోటు పూడుస్తుంది.

పెళ్లి వంటలు: నేను ఒప్పుకోను అన్నా. 19 కిలోల సిలిండర్ మీద పెద్ద గుండిగ పెడితే, సగం అయ్యేసరికి మంట దిగిపోతుంది. మొన్న ఒక పెళ్లిలో అన్నం సగం ఉడికి ఆగింది. పెళ్లివాళ్లు మూడు వేలు కోసుకున్నారు. మంట దిగిందంటే పీడనం తగ్గినట్టే కదా?

రూమ్ 214: మా హాస్టల్ మెస్‌లో సిలిండర్ కింది భాగానికి మంచు పడుతుంది. వేడినీళ్లు పోస్తారు.

అమ్మాయి నాన్న: ఆ మంచే మీ ఇద్దరికీ జవాబు. ద్రవం మరగాలంటే వేడి కావాలి. పెద్ద పొయ్యి గబగబా లాగేస్తుంటే బయటి వేడి చాలదు, ద్రవం తన వేడినే ఖర్చు చేసుకుని చల్లబడుతుంది. చల్లబడితే బాష్పపీడనం పడిపోతుంది. ద్రవం తక్కువగా ఉంటే ఇంకా త్వరగా. పైగా మైనస్ 42 డిగ్రీలకే మరిగే ప్రొపేన్ ముందు ఎక్కువగా పోతుంది, మైనస్ అర డిగ్రీకి మరిగే బ్యూటేన్ మిగులుతుంది. వేడినీళ్లు మాత్రం వద్దు తమ్ముడూ. రెండు సిలిండర్లు కలిపి పెట్టుకోండి.

మోల్ మాస్టారు: చూశారా, తగ్గుతుందని మీరే ఒప్పుకున్నారు. అమ్మాయి "మారదు" అని రాసింది.

అమ్మాయి నాన్న: ఉష్ణోగ్రత మారలేదని ప్రశ్నలోనే ఉంది. ప్రొపేన్ పోయినందుకు కొంత తగ్గొచ్చు. సగం కాదు!

మోల్ మాస్టారు: ఒక్క మార్కు పోతే తల్లిదండ్రులు యుద్ధానికి వస్తారు. నూట ఇరవై పేపర్లు దిద్దుతాను నేను. కీలో ఉన్నదానికే మార్కు. ప్రతి పిల్లా తన వంటిల్లు పట్టుకొస్తే సూత్రం ఎప్పుడు నేర్చుకుంటుంది?

అమ్మాయి నాన్న: మార్కు కోసం కాదండీ. పేపర్ పట్టుకెళ్లి అడిగితే "వంటింటి తెలివి ఇక్కడొద్దు" అన్నారట. ఆ రోజు నుంచి క్లాసులో చెయ్యి ఎత్తడం మానేసింది. మా ఇంట్లో సిలిండర్ మార్చేది తనే. ఊపి చూసి "ఇంకో నాలుగు రోజులొస్తుంది నాన్నా" అని చెప్పేదీ తనే. కళ్లతో చూసింది రాయడం తప్పని ఎలా చెప్పను?

రూమ్ 214: మాకూ ఒకాయన ఇలాగే అనేవారు. నేను అడగడమే మానేశాను.

మోల్ మాస్టారు: ఆ మాట ఎవరన్నా తప్పే. నేను అనను. కానీ అదే ఆక్సిజన్ సిలిండర్ అయితే అమ్మాయి జవాబు చెల్లదు.

అమ్మాయి నాన్న: నిజమే. ఆక్సిజన్ సందిగ్ధ ఉష్ణోగ్రత, అంటే అది దాటితే ఇక ద్రవంగా మారని హద్దు, మైనస్ 118 డిగ్రీలు. మన గదిలో ఎంత నొక్కినా ద్రవం కాదు, సగం వాడితే పీడనం చూపే ముల్లు దాదాపు సగానికి దిగుతుంది. ప్రశ్నలో ఉన్నది ఎల్‌పీజీ.

మోల్ మాస్టారు: కీ అలా ఉంటే దిద్దేవాడు ఏం చేయాలి?

అమ్మాయి నాన్న: కీ దిద్దాలండీ.

పెళ్లి వంటలు: అన్నా, ఇవాళ రెండు కలిపి పెట్టాం. మూడు గుండిగలు దిగాయి, మంట తగ్గలేదు.