సింగపూర్ ఆఫర్ వచ్చింది, అక్కడి పౌరులకు ఉన్నవేవీ మనకు ఉండవంటున్నారు, వెళ్ళొచ్చా?

బెల్లందూరు_సీమబిడ్డ:
అందరికీ నమస్తే. మాది అనంతపురం దగ్గర పల్లె. పదకొండేళ్ళుగా బెంగళూరులోనే ఉద్యోగం, బెల్లందూరులో అద్దెకుంటున్నాం. పోయిన వారం సింగపూర్ నుంచి ఆఫర్ వచ్చింది, ఎంప్లాయ్‌మెంట్ పాస్ (విదేశీ ఉద్యోగులకిచ్చే అనుమతి) మీద, నెలకు 8,000 సింగపూర్ డాలర్లు. ఇంట్లో అందరికీ సంతోషమే కానీ అక్కడున్న మా కాలేజీ ఫ్రెండ్‌తో మాట్లాడినప్పటి నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. అక్కడి పౌరులకు ప్రభుత్వం కట్టిన ఇల్లు, ఆసుపత్రిలో సబ్సిడీ, ప్రాథమిక బడిలో ఫీజు లేదు, మొదటి బిడ్డకీ రెండో బిడ్డకీ 11,000 డాలర్ల చొప్పున డబ్బు, ఇవి కాక కొట్టుల్లో డబ్బులా వాడుకునే వోచర్లు, మనకు మాత్రం జీతం తప్ప ఇంకేదీ ఉండదు, ఒకే ఆఫీసులో ఒకే పని చేస్తున్నా పరాయివాళ్ళమన్న సంగతి రోజూ గుర్తొస్తుంది అన్నాడు. నాకు ఆరేళ్ళ బాబు, మా ఆవిడకు ఇప్పుడు ఐదో నెల. అక్కడ ఉండి వచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

సర్జాపూర్_రోడ్డు:
తమ్ముడూ, తొమ్మిదేళ్ళు అక్కడే ఉండి పోయిన డిసెంబరులో వెనక్కొచ్చేశాం. మీ ఫ్రెండ్ చెప్పింది నిజం, కానీ సగమే.

ముందు ఆ బాధ సంగతి చెప్తాను. 2025 జులైలో నా పక్క సీటాయనతో కలిసి హాకర్ సెంటర్‌కి (చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే చోటు) భోజనానికి వెళ్ళాను. చేపల సూప్ అమ్మే ఆవిడ దగ్గర ఆయన ఫోన్ తీసి ప్రభుత్వమిచ్చిన వోచర్ కోడ్ చూపించాడు, ఆవిడ తన ఫోన్‌తో స్కాన్ చేసుకుంది, అయిపోయింది. దేశం పుట్టి అరవై ఏళ్ళయిందని 21 నుంచి 59 ఏళ్ళ పౌరులకు తలా 600 డాలర్లు, అరవై నిండినవాళ్ళకు 800 డాలర్లు వోచర్లుగా ఇచ్చారు. నేను కార్డు తీసి ఆరు డాలర్లు కట్టాను. ఆరు డాలర్లు ఎంత, కానీ తొమ్మిదేళ్ళు అదే ఊళ్ళో పన్ను కట్టినవాడికి ఆ నిమిషం మనసు చివుక్కుమంటుంది.

ఇక మిగతా సగం. ఆయన జీతం కూడా 8,000 అనుకో. అందులో 20 శాతం, అంటే 1,600, చేతికి రాకముందే సీపీఎఫ్‌లోకి, అంటే మన పీఎఫ్ లాంటి ఖాతాలోకి, పోతుంది. కంపెనీ తన వంతు ఇంకో 17 శాతం, 1,360 వేస్తుంది. మొత్తం నెలకు 2,960. హెచ్‌డీబీ ఫ్లాట్, అంటే ప్రభుత్వం కట్టిన ఇంటి కంతు కట్టేది ఆ డబ్బుతోనే, ఆసుపత్రి బిల్లు కట్టేదీ, ముసలితనంలో నెలనెలా తీసుకునేదీ అందులోంచే. ఆ దేశంలో పౌరులూ పీఆర్‌లూ (శాశ్వత నివాస అనుమతి ఉన్నవాళ్ళు) దాదాపు 80 శాతం ఈ ఫ్లాట్లలోనే ఉంటారు, అవి కూడా 99 ఏళ్ళ లీజుకే. ఊరికే పంచిపెట్టేది కొంత, వాళ్ళ చేత బలవంతంగా దాచిపెట్టించేది చాలా ఎక్కువ.

మనకు సీపీఎఫ్ లేదు, 8,000 మొత్తం ఖాతాలో పడుతుంది. నెలనెలా పన్ను కోత కూడా ఉండదు, ఏడాదికోసారి మనమే కట్టుకోవాలి. దెబ్బ తినేది సరిగ్గా ఇక్కడే. మొదటి మూడేళ్ళు మేము స్విమ్మింగ్ పూల్ ఉన్న కాండోలో, అంటే ప్రైవేటు అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం, సెలవు దొరికితే బాలి, ఫుకెట్. నాలుగో ఏట చూసుకుంటే నా పక్క సీటాయనకు సొంత ఫ్లాట్, సీపీఎఫ్‌లో దండిగా డబ్బు, నాకేమో ఫోటోలు. అప్పుడు హెచ్‌డీబీ ఫ్లాటే అద్దెకు తీసుకుని, జీతం పడిన రోజే మూడో వంతు పక్కకు తీయడం మొదలుపెట్టాం. ఎస్‌ఆర్‌ఎస్ అని ముసలితనం కోసం దాచుకునే ఒక ఖాతా ఉంది, విదేశీయులు ఏడాదికి 35,700 డాలర్ల దాకా వేసుకోవచ్చు, వేసినదానికి పన్ను మినహాయింపు. వెళ్ళగానే దాని గురించి బ్యాంకులో అడుగు.

ఇంకొక్కటి, ఉద్యోగం పోతే పాస్ రద్దయ్యాక ఉండనిచ్చేది మామూలుగా 30 రోజులు. తక్కువ జీతం పౌరులకైతే ఆరు నెలల్లో 6,000 డాలర్ల దాకా సాయం ఉంది. మనకు 30 రోజుల్లో బడి, ఇల్లు, సామాను అన్నీ తేల్చుకోవాలి, పైగా పన్ను లెక్క తేలేదాకా కంపెనీ ఆఖరి జీతం ఆపి ఉంచుతుంది. ఆర్నెల్ల ఖర్చు చేతిలో లేకుండా కుటుంబాన్ని తీసుకెళ్ళకు.

పెన్నాతీరం:
పై అన్న లెక్క బాగానే ఉంది కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. అక్కడ 9 శాతం జీఎస్‌టీ ఉంది, బియ్యం కొన్నా మాత్రలు కొన్నా మేమూ కట్టాం. మాకు ఓటు లేదు, సరే, కాన్పుకు వెళ్ళినవాళ్ళకైనా కాస్త తేడా తగ్గించి ఉండాల్సింది.

మా పాప అక్కడే ప్రభుత్వ ఆసుపత్రిలో పుట్టింది. డిశ్చార్జి రోజు కౌంటర్ దగ్గర నా పక్క మంచం ఆవిడా నేనూ పక్కపక్కనే నిలబడ్డాం. ఆవిడ బిల్లులో ప్రభుత్వ సబ్సిడీ అని ఒక వరుస, మెడిసేవ్ (సీపీఎఫ్‌లో వైద్యం కోసం దాచిన డబ్బు) అని ఇంకో వరుస, కింద కట్టాల్సింది చిన్న అంకె. నా బిల్లులో ఆ రెండు వరుసలూ లేవు. ఒకే గది, ఒకే డాక్టరమ్మ, ఇద్దరివీ నార్మల్ కాన్పులే. పసిబిడ్డను ఎత్తుకుని ఆ కాగితం చూస్తూ ఏడ్చేశాను. డబ్బు ఎలాగో సర్దుకున్నాం, ఆ చోటు మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

అందుకే చెప్తున్నాను, అక్కడ పుట్టినంత మాత్రాన బిడ్డకు పౌరసత్వం రాదు, ఆ 11,000 మీకు వర్తించదు. మీ ఆవిడ కాన్పు బెంగళూరులోనో అనంతపురంలోనో అమ్మ దగ్గర కానివ్వండి. మీరు ముందు వెళ్ళి ఇల్లు చూసుకోండి. ఆవిడ కూడా ఉద్యోగం చేయాలనుకుంటే 2021 మే నుంచి డిపెండెంట్ పాస్‌తో (ఉద్యోగి కుటుంబానికిచ్చే అనుమతి) కుదరదు, ఆవిడ పేరు మీద వేరే వర్క్ పాస్ రావాలి. బాబు బడి సంగతి కూడా చూడండి. ప్రభుత్వ బడుల్లో పౌరుల పిల్లలకే ముందు సీట్లు, మనకు ఆఖర్న మిగిలితేనే, ఫీజు కూడా నెలకు వందల డాలర్లు. మాతృభాష కింద తమిళం, హిందీ లాంటివి ఉన్నాయి, తెలుగు లేదు. మా పెద్దోడు హిందీ తీసుకున్నాడు, తెలుగు నేను రాత్రిళ్ళు పలక మీద నేర్పించాను.

ఈశాన్యగాలి:
నేను ఇంకా సింగపూర్‌లోనే ఉన్నాను, పీఆర్ మీద. చాలామంది పీఆర్ వస్తే అన్నీ వచ్చేస్తాయనుకుంటారు. సీపీఎఫ్ వస్తుంది, ఆసుపత్రిలో కొంత సబ్సిడీ వస్తుంది, ఫ్లాట్ మాత్రం మూడేళ్ళు ఆగి పాతది కొనుక్కోవాలి. పీఆర్ లేని విదేశీయుడు ఇల్లు కొంటే 2023 ఏప్రిల్ నుంచి ధర మీద అదనంగా 60 శాతం స్టాంపు డ్యూటీ, కాబట్టి ఆ ఆలోచనే పెట్టుకోకండి.

కానీ బాబు ఉన్నాడన్నారు కాబట్టి అసలు మాట ఇది. తండ్రితో పాటు పీఆర్ తీసుకున్న మగపిల్లలు పద్దెనిమిదేళ్ళకు రెండేళ్ళు సైనిక సేవ చేయాలి. మా పెద్దోడిని సైనిక శిక్షణ ఇచ్చే టెకాంగ్ దీవికి పడవలో దింపి వచ్చాం. తల్లిదండ్రులను కూడా రానిస్తారు, అక్కడి మెస్‌లోనే వాడితో కలిసి అన్నం తిన్నాం. మా పక్క బల్ల మీద ఒక చైనీస్ కుటుంబం, ఆ తల్లి కొడుకు గిన్నెలోకి తన ముక్కలు తీసి వేస్తూనే ఉంది. మా ఆవిడా అదే చేస్తోంది. ఆ రోజు నుంచి పౌరుల వోచర్ల గురించి నేను ఒక్క మాట కూడా అనలేదు.

టిన్‌ఫ్యాక్టరీ_స్టాప్:
సింగపూర్ నాకు తెలీదు, బెంగళూరు సంగతి చెప్తాను. 2023 జూన్ 11 నుంచి ఇక్కడ ఆడవాళ్ళకు శక్తి పథకం కింద బస్సు ఉచితం, కానీ ఆధార్‌లో కర్ణాటక అడ్రస్ ఉండాలి. నాది చిత్తూరు అడ్రస్. ఇక్కడ అద్దె కట్టుకుంటూ ఎనిమిదేళ్ళు, అయినా కండక్టర్ నా కార్డు చూసి 'టికెట్ తగొళ్ళి అమ్మా' (టికెట్ తీసుకోండి అమ్మా) అంటాడు, మర్యాదగానే. అడ్రస్ మార్చుకుందామంటే ఊళ్ళో ఓటు, రేషన్ కార్డు ఏమవుతాయోనని మా ఇంట్లో భయం. ఒక రాష్ట్రం దాటితేనే ఇలా ఉంది అన్నా.

బెల్లందూరు_సీమబిడ్డ:
అందరికీ పేరుపేరునా థాంక్స్. రాత్రి ఇద్దరం కూర్చుని ఇవన్నీ చదువుకున్నాం. కాన్పు అనంతపురంలోనే అని ఖాయం చేశాం, అడిగి చూసి చేరే తేదీ నాలుగు నెలలు వెనక్కి జరిపించుకుంటాను, ఒప్పుకోకపోతే నేనొక్కణ్ణే ముందు వెళ్తాను. పెన్నాతీరం అక్కా, బాబు అక్కడి ప్రభుత్వ బడిలో రెండో తరగతికి రాయాల్సిన ప్రవేశ పరీక్ష ఎలా ఉంటుందో, ఎప్పటి నుంచి చదివించాలో కాస్త చెప్పగలరా?