గేమ్ లోపలి పాటకి కాపీరైట్ క్లెయిమ్: డిస్ప్యూట్ వేయొచ్చా?

నమస్కారం అండీ. యూట్యూబ్‌లో పెట్టిన నా గేమ్‌ప్లే వీడియోకి కంటెంట్ ఐడీ (కాపీరైట్ ఉన్న పాటల్ని ఆటోమేటిగ్గా పట్టే యూట్యూబ్ వ్యవస్థ) క్లెయిమ్ వచ్చింది. నేను విడిగా ఏ పాటా కలపలేదు, గేమ్‌లో కారు రేడియోలో వచ్చే పాటకే పడింది. గేమ్ తయారీదారులు వీడియోలు చేసుకోవచ్చని రాశారు. కానీ వాళ్లు లైసెన్స్ తీసుకుని వాడిన పాటలకూ ఆ అనుమతి వర్తిస్తుందా?

ఇది స్ట్రైక్ (కాపీరైట్ ఉల్లంఘనకు ఛానెల్ మీద పడే హెచ్చరిక) కాదు, ఆదాయం మాత్రం పాట హక్కుదారులకు వెళ్తోంది. డిస్ప్యూట్ వేస్తే, అంటే క్లెయిమ్ తప్పని అభ్యంతరం చెప్తే, స్పందించడానికి వాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది. ఈలోగా వాళ్లు వీడియో తొలగించమని యూట్యూబ్‌ని కోరితే స్ట్రైక్ పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పోనీ మ్యూట్ చేద్దామంటే గేమ్ సౌండ్, నా గొంతు ఒకే ట్రాక్‌లో ఉన్నాయి. ఆ మిషన్ ఎలా దాటాలో ఓపిగ్గా వివరించిందంతా పోతుంది, అది నాకు ఇష్టం లేదు.

ఇలాంటి క్లెయిమ్ మీద డిస్ప్యూట్ గెలిచినవాళ్లు ఏ కారణం రాశారో దయచేసి చెప్పండి. మాట పోకుండా పాట ఒక్కటే తీసేసే మంచి పద్ధతి తెలిసినా చాలు.